ఇంట్లో తూటాల తయారీ: అమెరికాలో హాబీ, ఇక్కడ ఏడేళ్ల నుంచి యావజ్జీవం.. వీసాపై ఉన్నవారు ఏం తెలుసుకోవాలి?

టెక్సస్‌లో రైఫిల్‌తో జింకల వేట సాధారణ సీజన్ ఏటా నవంబర్ మొదటి శనివారం మొదలవుతుంది. ఎండాకాలం చివరి నుంచే అక్కడి గ్యారేజీల్లో ఇంకో పని నడుస్తుంటుంది. ఒకసారి పేలిన తూటాల ఇత్తడి తొడుగులు ఏరి తెచ్చి, శుభ్రం చేసి, మళ్లీ మందు దట్టించి, కొత్త బుల్లెట్ బిగిస్తారు. తమ రైఫిల్‌తో బాగా కుదిరే తూటా ఏదో కాల్చి చూసుకుంటారు. దీని పేరు హ్యాండ్‌లోడింగ్.

ఈ వీడియోలు ఇప్పుడు మన ఫోన్లలోకీ వస్తున్నాయి. డాలస్‌లోనో ఆస్టిన్‌లోనో ఉద్యోగం చేసే తెలుగువారిని వారాంతంలో షూటింగ్ రేంజ్‌కు, వేటకు సహోద్యోగులు పిలవడమూ మామూలే. చూడటానికి ఇది వంటింట్లో కొలతలు వేసుకునే పనిలా ఉంటుంది. తక్కెడ, గరాటు, బల్లకు బిగించిన చిన్న ప్రెస్, అంతే. కానీ ఆ బల్ల మీదున్న దాదాపు ప్రతి వస్తువుకూ చట్టంలో వేరే పేరుంది. అది ఎవరి మెడకు ఎక్కడ చుట్టుకుంటుందో చూద్దాం. అంతకుముందు, ఇంత కష్టపడి సాధించే గురిలో నిజమెంతో కూడా తెలుసుకోవాలి.

తూటాలో ఏముంటుంది?

వాడుకలో తూటా, బుల్లెట్ రెండూ ఒకటే అనేస్తాం. నిజానికి రైఫిల్‌లో పెట్టే తూటాలో నాలుగు భాగాలుంటాయి. ఇత్తడి తొడుగు, దాని అడుగున పిన్ను తగలగానే మండే ప్రైమర్, లోపల మందు, మూతి దగ్గర బిగించిన బుల్లెట్. ఎగిరి వెళ్లేది ఆ చివరిదొక్కటే. మందు మండిపోతుంది, ప్రైమర్ పనికిరాకుండా పోతుంది, తొడుగు మాత్రం మిగులుతుంది. జాగ్రత్తగా చూసుకుంటే దాన్ని చాలాసార్లు వాడుకోవచ్చు.

పేలినప్పుడు తొడుగు ఉబ్బుతుంది కాబట్టి డై అనే ఉక్కు అచ్చులోకి ప్రెస్‌తో నొక్కి పాత కొలతకు తెస్తారు. సాగిన మూతిని కత్తిరిస్తారు. కొత్త ప్రైమర్ పెట్టి, మందు తూచి పోసి, బుల్లెట్‌ను నిర్ణీత లోతుకు కూర్చోబెడతారు. మందు తూకం గ్రెయిన్లలో ఉంటుంది. ఒక పౌండ్‌కు 7,000 గ్రెయిన్లు. అంటే ఒక గ్రెయిన్ 65 మిల్లీగ్రాములకు కాస్త తక్కువ. దాన్నీ పదో వంతు దాకా తూస్తారు.

డబ్బు ఆదా అవుతుందని చాలామంది మొదలుపెడతారు. 2020-21లో అమెరికా దుకాణాల్లో తూటాలు, ప్రైమర్లు దొరక్క అల్లాడినప్పుడు ఇంకొందరు ఇటు వచ్చారు. కానీ అసలు ఆకర్షణ వేరు. ఫ్యాక్టరీ తూటా ఆ కొలతకు తయారైన ప్రతి రైఫిల్‌లోనూ పట్టాలి. కాబట్టి రెడీమేడ్ చొక్కాలా కాస్త వదులుగానే ఉంటుంది. హ్యాండ్‌లోడింగ్ చేసేవాళ్లు తమ ఒక్క రైఫిల్‌కు కొలతలు తీసి కుట్టించుకుంటున్నట్టు లెక్క.

పోలిక అక్కడితో ఆగుతుంది. కుట్టుపనిలో తప్పు జరిగితే చొక్కా పాడవుతుంది. అమెరికా తయారీదారుల ప్రమాణాల సంస్థ సామీ లెక్క ప్రకారం, .308 విన్‌చెస్టర్ అనే మామూలు వేట తూటాలో అనుమతించిన గరిష్ఠ సగటు ఒత్తిడి 62,000 పీఎస్ఐ. కారు టైరులో ఉండే గాలి ఒత్తిడికి ఇది దాదాపు రెండు వేల రెట్లు. ఇదంతా కాల్చేవారి చెంపకు అంగుళాల దూరంలో జరుగుతుంది. పిస్తోలుకు వాడే త్వరగా మండే మందును పొరపాటున రైఫిల్ తొడుగులో పోస్తే రైఫిలే చీలిపోవచ్చు. మందు పోయడం మరిచిపోతే ప్రైమర్ బలానికే బుల్లెట్ గొట్టంలోకి దూరి ఇరుక్కుంటుంది. అది గమనించకుండా రెండో తూటా కాలిస్తే గొట్టం పగులుతుంది. అందుకే బల్ల మీద ఒక్క రకం మందే ఉంచాలని, ముద్రిత మాన్యువల్‌లో ఇచ్చిన కనీస తూకం నుంచే మొదలుపెట్టాలని అనుభవమున్నవారు పట్టుబడతారు. వీడియో కింద కామెంట్‌లో ఎవరో రాసిన తూకాన్ని నమ్మి చేసే పని కాదిది.

గురి ఎక్కడి నుంచి వస్తుంది?

గురిని 'గ్రూప్'తో కొలుస్తారు. 100 గజాల దూరంలో కాగితం పెట్టి, రైఫిల్‌ను ఇసుక సంచుల మీద ఆనించి, ఒకే చోటికి గురిపెట్టి మూడో ఐదో తూటాలు కాలుస్తారు. పడిన రంధ్రాల్లో ఒకదానికొకటి బాగా దూరంగా ఉన్న రెండింటి మధ్య దూరమే గ్రూప్. 'మినిట్ ఆఫ్ యాంగిల్' అనే మాట వింటుంటారు కదా. అది 100 గజాల వద్ద 1.047 అంగుళాలు. వాడుకలో అంగుళం అనేస్తారు.

అన్నిటికంటే ఎక్కువ తేడా తెచ్చేది గొట్టం నాణ్యత, దానికి నప్పే బుల్లెట్. గొట్టం లోపల మరలాంటి గాడులుంటాయి. అవి బుల్లెట్‌ను బొంగరంలా తిప్పి పంపుతాయి. బుల్లెట్ ఎంత పొడవుంటే అంత వేగంగా తిరగాలి. ఆ జోడీ కుదరకపోతే మందు ఎంత జాగ్రత్తగా తూచినా లాభం లేదు. ఆ తర్వాతే మందు రకం, దాని తూకం, బుల్లెట్ కూర్చునే లోతు. తూకాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ కాల్చి, క్రోనోగ్రాఫ్‌తో వేగం కొలిచి, గ్రూప్ ఎక్కడ చిన్నదవుతుందో చూస్తారు. దీన్నే లోడ్ డెవలప్‌మెంట్ అంటారు.

వేగం తూటా తూటాకూ మారకూడదని అందరూ చెబుతారు. అది ఎంత ముఖ్యమన్నది దూరాన్ని బట్టి ఉంటుంది. సెకనుకు 2,700 అడుగుల వేగంతో వెళ్లే బుల్లెట్‌లో 50 అడుగుల తేడా వచ్చిందనుకుందాం. 200 గజాల దగ్గర దానివల్ల పైకీ కిందకీ వచ్చే తేడా అర అంగుళం కూడా ఉండదు. 600 గజాల దగ్గర అదే ఐదంగుళాల దాకా వెళుతుంది. పోటీల్లో దూరపు గురి కొట్టేవారికి ఇది ప్రాణం. 150 గజాల్లో జింకను కొట్టేవారికి పెద్దగా సంబంధం లేదు.

మూడు తూటాల మాయ

ఈ హాబీలో ఎక్కువమంది తమను తాము మోసం చేసుకునేది ఇక్కడే. పది రకాల తూకాలు సిద్ధం చేసి, ఒక్కోదానితో మూడేసి తూటాలు కాల్చి, అన్నిటికంటే చిన్న గ్రూప్ వచ్చిన తూకాన్ని ఎంచుకుంటారు. ఆ కాగితాన్ని ఫొటో తీసి దాచుకుంటారు.

లెక్క చూడండి. ఏ తూటా ఎటు పడుతుందన్నది కొంతవరకు యాదృచ్ఛికం. ఒకే రైఫిల్, ఒకే తూకం, మూడు తూటాల గ్రూపులు సగటున అంగుళం వస్తున్నాయనుకుందాం. అదే సరుకుతో ఐదు తూటాల గ్రూపులు సగటున 1.27 అంగుళాలు, పది తూటాలవి దాదాపు 1.6 అంగుళాలు వస్తాయి. తూటా చెడిపోలేదు, మనం ఎక్కువసార్లు కాల్చి చూశామంతే. పైగా మూడు తూటాల గ్రూప్ ఒకసారి అర అంగుళం, ఇంకోసారి అంగుళంన్నర రావడంలో వింతేమీ లేదు. నిజానికి ఆ పది తూకాల మధ్య తేడా ఏమీ లేకపోయినా, మూడేసి కాలిస్తే వాటిలో చిన్నది అర అంగుళం దగ్గర, పెద్దది అంగుళంన్నర పైన కనిపిస్తాయి. వరుసగా మూడుసార్లు బొమ్మ పడిన నాణేన్ని అదృష్ట నాణెమని జేబులో వేసుకోవడం లాంటిదే ఈ ఎంపిక.

మరుసటి వారం అదే 'అర అంగుళం లోడ్' అంగుళం పావు చూపిస్తుంది. అప్పుడు గాలిని, స్కోప్‌ను, ఇత్తడిని తిట్టుకుంటారు. రెండు మూడు తూకాలే ఎంచుకుని, ఒక్కోదానితో పదేసి కాల్చడం విసుగ్గా ఉంటుంది. తెలిసేదేమైనా ఉంటే అందులోనే తెలుస్తుంది.

అసలు వేటకు ఎంత గురి కావాలి? జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు సుమారు ఎనిమిది అంగుళాల వృత్తం. 100 గజాల్లో అంగుళంన్నర గ్రూప్ ఇచ్చే రైఫిల్ 200 గజాల్లో మూడంగుళాలు ఇస్తుంది. ఎనిమిదిలో మూడు సునాయాసంగా ఇమిడిపోతాయి. ఇప్పుడు పక్క నుంచి గంటకు పది మైళ్ల గాలి వీచిందనుకోండి. 300 గజాల దగ్గర అది బుల్లెట్‌ను ఆరేడు అంగుళాలు పక్కకు నెడుతుంది. ఇసుక సంచులు లేకుండా, నిలబడి, ఆయాసపడుతూ గురిపెట్టే మనిషి చేతుల వణుకు ఇంకా ఎక్కువ. అర అంగుళం తగ్గించడానికి వేసవంతా తూకాలు మార్చినవారు నిలబడి కాల్చడం ఒక్కసారైనా సాధన చేయకపోతే దెబ్బతిని పారిపోయే జింకలు అలాగే ఉంటాయి.

ఒక్కచోట మాత్రం కొత్తగా లోడ్ వెతుక్కోవడం నిజంగా అవసరమవుతోంది. వేటకు సీసం లేని బుల్లెట్లే వాడాలని కాలిఫోర్నియా 2019 జులై 1 నుంచి రాష్ట్రమంతటా తప్పనిసరి చేసింది. వేటగాళ్లు వదిలేసిన పేగుల్లోని సీసం ముక్కలు తిని కాండర్ రాబందులు చచ్చిపోతున్నాయన్నది ప్రధాన కారణం. రాగి సీసం కంటే తేలిక కాబట్టి అదే బరువున్న రాగి బుల్లెట్ పొడవుగా ఉంటుంది. పాత గొట్టానికి, పాత లోతుకు అది నప్పకపోవచ్చు. మనుషుల సంగతీ ఉంది. వేటగాళ్లు దానమిచ్చిన జింక మాంసంలో సీసం తునకలు బయటపడటంతో 2008లో నార్త్ డకోటా ఆరోగ్య శాఖ ఆ ఖీమాను పేదలకు పంచవద్దని ఆహార కేంద్రాలకు చెప్పింది.

అమెరికాలో ఎవరు చేయొచ్చు?

పౌరులు, గ్రీన్‌కార్డు ఉన్నవారు సొంత వాడకానికి తూటాలు తయారు చేసుకోవడానికి ఫెడరల్ లైసెన్స్ అక్కర్లేదు. అమ్మకానికి తయారు చేస్తే మాత్రం తయారీ లైసెన్స్ కావాలి. రాష్ట్రాలు, నగరాలు అదనపు ఆంక్షలు పెట్టవచ్చు.

హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1 వంటి వీసాలపై వెళ్లినవారి పరిస్థితి పూర్తిగా వేరు. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నాన్-ఇమిగ్రెంట్ వీసాపై ప్రవేశించినవారు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. తూటా అంటే తయారైన తూటా మాత్రమే కాదు. ఇత్తడి తొడుగు, ప్రైమర్, బుల్లెట్, మందు.. విడివిడిగా ఒక్కొక్కటీ ఆ నిర్వచనం కిందకే వస్తాయి. తుపాకీ లేకపోయినా, స్నేహితుడి కోసం ప్రైమర్ల డబ్బా తెచ్చి అపార్ట్‌మెంట్‌లో పెట్టుకున్నా నేరమే. గరిష్ఠ శిక్షను 2022లో పదేళ్ల నుంచి పదిహేనేళ్లకు పెంచారు. తుపాకీ నేరం రుజువైతే దేశం నుంచి పంపించేయడానికి అది ఇమిగ్రేషన్ చట్టంలో విడిగా మరో కారణం.

దీనికి కొన్ని మినహాయింపులున్నాయి. ఎక్కువమందికి వర్తించేది వేట లైసెన్స్. ఏదైనా అమెరికా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ చేతిలో ఉంటే ఆ నిషేధం వర్తించదు. రేంజ్‌కు వెళ్లి అద్దె తుపాకీ పట్టుకోవడం కూడా దగ్గర ఉంచుకోవడం కిందకే వస్తుంది కాబట్టి, ఒక్క మధ్యాహ్నం సరదాకైనా ఇదే నియమం.

అసలు మెలిక గడువులో ఉంది. టెక్సస్ వేట లైసెన్స్ ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో ముగుస్తుంది. కొత్త ఏడాది లైసెన్స్ ఆగస్టు మధ్య నుంచే అమ్ముతారు. కానీ సీజన్ నవంబర్‌లో కదా, అప్పుడు కొనుక్కుందాంలే అని ఆగేవారుంటారు. అలా ఆగితే సెప్టెంబర్ 1 ఉదయం నుంచి వారి అల్మారాలోని తూటాలు, గ్యారేజీలోని మందు డబ్బా చట్టవిరుద్ధమవుతాయి. లోడ్ డెవలప్‌మెంట్ జోరుగా సాగేది సరిగ్గా ఆ నెలల్లోనే. టెక్సస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారు వేటాడాలంటే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా పూర్తి చేయాలి. మీ వీసా స్థితి, మీ రాష్ట్రం నియమాలు కలిపి చూసి చెప్పగలిగేది ఇమిగ్రేషన్ లాయరే. గన్ షాపులో కౌంటర్ వెనకున్న మనిషి మాట కోర్టులో నిలవదు.

మరి ఇక్కడి చట్టం?

మన ఆయుధాల చట్టం 1959 నాటిది. అందులోని నిర్వచనం ప్రకారం 'అమ్యూనిషన్' అంటే తూటాలతో పాటు వాటి విడిభాగాలు, వాటిని తయారు చేసే యంత్రాలు కూడా. అంటే ఆన్‌లైన్‌లో విదేశీ సైట్ నుంచి తెప్పించుకుందామనుకునే ఆ రీలోడింగ్ ప్రెస్ ఒట్టి ఇనుప ముక్క కాదు.

చట్టం మూడో సెక్షన్ కలిగి ఉండటానికి లైసెన్స్ అడుగుతుంది. ఐదో సెక్షన్ తయారీకి, అమ్మకానికి విడిగా అడుగుతుంది. లైసెన్స్ లేకుండా తయారు చేస్తే శిక్ష ఒకప్పుడు మూడు నుంచి ఏడేళ్లు. 2019 సవరణ తర్వాత కనీసం ఏడేళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం. నాటు తుపాకుల ముఠాలను దృష్టిలో పెట్టుకుని పెంచిన శిక్ష అది. హాబీ వేరు, ముఠా వేరు అని సెక్షన్ విడదీసి చెప్పదు. తుపాకీ లైసెన్స్ ఉన్నవారైనా అందులో రాసి లేని పనికి చేయి పెట్టేముందు లైసెన్స్ ఇచ్చిన అధికారిని రాతపూర్వకంగా అడగడం మంచిది. హైదరాబాద్ లాంటి కమిషనరేట్లలో ఆ అధికారి పోలీస్ కమిషనర్, మిగతా జిల్లాల్లో కలెక్టర్. ఎన్ని తూటాలు ఉంచుకోవచ్చో, ఏడాదికి ఎన్ని కొనవచ్చో కూడా లైసెన్స్‌లోనే ఉంటుంది. ఆ పరిమితిలో పది తూకాలు, పదేసి తూటాలు అన్న మాటే ఉండదు.

సూట్‌కేసులో ఒక్క తూటా

ఇది నగరవాసులకు ఎక్కువగా ఎదురయ్యే చిక్కు. అమెరికాలో రేంజ్‌కు వెళ్లిన బ్యాగు పక్క అరలో ఒక తూటా మిగిలిపోతుంది. అదే బ్యాగుతో సెలవులకు ఇంటికి వస్తారు. తిరుగు ప్రయాణంలో శంషాబాద్ స్క్రీనింగ్‌లో అది కనిపిస్తుంది. లైసెన్స్ లేకుండా తూటా కలిగి ఉంటే 2019 సవరణ తర్వాత రెండు నుంచి ఐదేళ్ల జైలు. ఒక్కటా, వందా అన్న తేడా సెక్షన్‌లో లేదు.

ఊరట కోర్టుల దగ్గర ఉంది. వస్తువు దగ్గర ఉన్నంత మాత్రాన సరిపోదు, అది ఉందన్న ఎరుక కూడా ఉండాలని సుప్రీంకోర్టు 1972లో గున్వంత్‌లాల్ కేసులో చెప్పింది. తెలియక మిగిలిపోయిందని నిరూపించుకోగలిగిన ప్రయాణికుల కేసులను హైకోర్టులు ఈ సూత్రం మీదే కొట్టేస్తుంటాయి. కానీ అది ఎఫ్ఐఆర్ నమోదై, విమానం వెళ్లిపోయి, లాయర్‌ను పెట్టుకున్నాక దొరికే ఊరట. వీసా స్టాంపింగ్ ఉన్నవారికి ఆ నెలలు చాలా ఖరీదు. రేంజ్‌కు తీసుకెళ్లిన బ్యాగును విమానానికి వాడకపోవడం ఒక్కటే సులువైన దారి. గుర్తుగా దాచుకున్న ఖాళీ తొడుగుకూ ఇదే జాగ్రత్త.

పంట కాపాడుకునే రైతుకు ఏముంది?

ఆయుధాల చట్టం 13వ సెక్షన్‌లో ఒక విచిత్రం ఉంది. పంట రక్షణ అవసరం నిజమైనదైతే, మూతి నుంచి మందు కూరే తుపాకీకి లైసెన్స్ ఇవ్వాలని అది చెబుతుంది. ఆ తుపాకీలో ప్రతి దెబ్బకూ మందు, గుడ్డ, గుండు చేత్తోనే దట్టించాలి. కాబట్టి చేత్తో దట్టించే పనిని చట్టమే స్వయంగా ఒప్పుకున్న చోటు ఇదొక్కటి. గురి విషయంలో మాత్రం ఇది అన్నిటికంటే వెనకబడిన ఆయుధం. లోపల గాడులు లేని గొట్టం, చేతి కొలత మందు. దూరం పెరిగేకొద్దీ గుండు ఎటు పోతుందో చెప్పలేం.

లైసెన్స్ ఉన్నంత మాత్రాన అడవి పందిని కాల్చే హక్కూ రాదు. వన్యప్రాణి చట్టంలో 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణలతో అడవి పంది రెండో షెడ్యూల్‌లో ఉంది. పంటకు ప్రమాదంగా మారిందని చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ ఆయన అధికారమిచ్చిన వారు గానీ రాతపూర్వకంగా అనుమతిస్తేనే కాల్చాలి. ఆ అనుమతి పొలం దాకా వచ్చేలోపు మొక్కజొన్న నేలపాలవుతుంది. దాంతో కొందరు కంచెకు కరెంటు తీగ చుడతారు, ఇంకొందరు నాటు బాంబు పెడతారు. వాటికి పంది, గేదె, పక్క పొలం రైతు అన్న తేడా తెలియదు. కేరళ 2022లో ఈ అనుమతి ఇచ్చే అధికారాన్ని స్థానిక సంస్థల అధ్యక్షులకు అప్పగించి దూరం తగ్గించింది.

అనుమతి ఎవరిచ్చినా కాల్చేది లైసెన్స్ ఉన్న షూటర్లే. 2016లో బిహార్‌లోని మొకామాలో నీల్‌గాయ్‌ల కోసం హైదరాబాద్ నుంచి షూటర్లను పిలిపించారు. ఇలాంటి పనిలో దెబ్బతిని పొదల్లోకి పారిపోయిన పంది మరుసటి రోజు కట్టెలకు వెళ్లినవారి మీదకు వస్తుంది. నార్వేలో పెద్ద జంతువుల వేటకు వెళ్లే ప్రతి ఒక్కరూ ఏటా పరీక్ష రాయాలి, కాగితం మీద కాదు, రైఫిల్‌తో. ముందు 30 తూటాల సాధన. ఆ తర్వాత 100 మీటర్ల దూరంలో ఐదు తూటాలు, ఐదూ 30 సెంటీమీటర్ల వృత్తంలో పడాలి. తూటా ఇంట్లో చేసిందా, ఫ్యాక్టరీదా అని అక్కడెవరూ అడగరు. మన అటవీ శాఖ షూటర్ల జాబితా తయారు చేసేటప్పుడు ఇలాంటి పరీక్ష పెట్టడానికి పార్లమెంటు దాకా వెళ్లక్కర్లేదు, ఒక సర్క్యులర్, ఒక ఫైరింగ్ రేంజ్ చాలు.